క్యాంపర్ వ్యాన్‌లోకి పురుగులు రాకుండా ఏమి చేయాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

మేము బెంగళూరులో, కె.ఆర్. పురం దగ్గర ఉంటాం. ఒక పాత టెంపో ట్రావెలర్‌లో సీట్లు తీయించి, రెండు పడకలు, చిన్న పొయ్యి, సింకు పెట్టించుకుని కొన్నేళ్లుగా తిరుగుతున్నాం. ఏప్రిల్‌లో మొదటి మామిడి జల్లు పడిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, బండి నిండా పురుగులే, ఏమి చేయాలి?" అని. అడిగేవాళ్లు మారుతున్నారు కానీ అనుమానాలు మారడం లేదు. అందుకే అన్నిటినీ ఒక చోట చేర్చి రాస్తున్నాను. ఎక్కడ మొదలుపెట్టి చదివినా ఇబ్బంది లేదు.

ముందు ఒక్క మాట. ఈ విషయం మీద దొరికే సలహాల్లో ఎక్కువ భాగం చలిదేశాల వాళ్లు రాసినవి. అక్కడ శీతాకాలం ముంచుకొచ్చే ముందు అక్షింతల పురుగులు, కంపు నల్లులు వెచ్చదనం వెతుక్కుంటూ బండి గోడల్లో దూరి, వసంతం దాకా అక్కడే ఉంటాయి. మన దగ్గర పురుగును బండిలోకి తెచ్చేది చలి కాదు. వాన, వెలుతురు. ఈ రెండింటినీ దృష్టిలో పెట్టుకుని బండిని సిద్ధం చేసుకుంటే మందు చల్లవలసిన అవసరం చాలావరకు తప్పుతుంది.

## బండిని సిద్ధం చేసుకునేటప్పుడు

తలుపులు, కిటికీలు ఎప్పుడూ మూసే ఉంచుతాం. అయినా పురుగులు ఎక్కడి నుంచి వస్తున్నాయి?

ఎక్కువగా నేలలోంచి. బండిని మార్పించినప్పుడు సింకు గొట్టానికి, మురికినీటి గొట్టానికి, బ్యాటరీ తీగలకు నేలలో రంధ్రాలు చేస్తారు. గొట్టం అంగుళం లావుంటే రంధ్రం అంగుళంన్నర చేసి, చుట్టూ మిగిలిన సందును అలాగే వదిలేస్తారు. పెద్ద బొద్దింక దూరడానికి మూడు మిల్లీమీటర్ల సందు చాలు.

సందులను పట్టుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. చీకటి పడ్డాక ఒకరు లోపల టార్చి పట్టుకుని మూలమూలలా వెలుతురు వేయాలి. ఇంకొకరు బండి కింద, చుట్టూ తిరిగి చూడాలి. వెలుతురు కనిపించిన ప్రతి చోటా సుద్దముక్కతో గుర్తు పెట్టాలి. మా వారు మొదటిసారి చాప వేసుకుని బండి కింద పడుకుని చూసినప్పుడు పద్నాలుగు చోట్ల వెలుతురు కనిపించింది. వెనుక తలుపుల రబ్బరు బీడింగ్ కింది మూలల్లోనే నాలుగు ఉన్నాయి. గేరు కడ్డీ చుట్టూ ఉండే రబ్బరు తొడుగు, పైకప్పు ఫ్యాను అంచులు, ఏసీ నీళ్లు కారే గొట్టం, ఈ మూడింటినీ చాలామంది మరిచిపోతారు. సింకు గొట్టం బయటి చివర తెరిచి ఉంటే దాని గుండా కూడా పైకి ఎక్కి వస్తాయి. ఇంట్లోలాగా గొట్టం వంపులో నీళ్లు నిలిచి అడ్డుకుంటాయని అనుకోవద్దు, బండి కుదుపులకు ఆ నీళ్లు ఒలికిపోతాయి. ఆపిన చోట సింకుకు మూత బిగించి పెట్టండి.

సందులన్నీ ఉబ్బే ఫోమ్‌తో నింపేస్తే సరిపోతుందా?

నేను వద్దంటాను. ఫోమ్‌ను చీమలు తొలుస్తాయి, ఎలుకలు కొరుకుతాయి. నేల రేకుకు ఆనుకున్న చోట తడిని పట్టి ఉంచి తుప్పుకు దారి తీస్తుంది. సైలెన్సర్ గొట్టం దగ్గర అయితే వేడికి అది ప్రమాదం కూడా.

పెద్ద రంధ్రం ఉంటే గిన్నెలు తోమే స్టెయిన్‌లెస్ స్టీలు పీచును గట్టిగా కుక్కి, దాని మీద పాలీయూరిథేన్ సీలెంట్ పూయండి. అది ఆరాక కూడా రబ్బరులా సాగుతుంది కాబట్టి బండి కుదుపులకు పగలదు. మామూలు ఇనుప పీచు తుప్పు పడుతుంది, దాన్ని వాడవద్దు. చిన్న సందులకు సీలెంట్ ఒక్కటే చాలు. సిలికాన్ కూడా పనిచేస్తుంది కానీ దాని మీద రంగు అంటుకోదు. తలుపుల బీడింగ్ ఎండి పగిలి ఉంటే అతుకులు వేయకుండా కొత్తది వేయించండి. జె.సి. రోడ్డులోని బండి సామాన్ల దుకాణాల్లో మీటరు లెక్కన అమ్ముతారు. పాత ముక్క ఒకటి కోసి వెంట తీసుకువెళ్తే సరైన కొలత దొరుకుతుంది.

గ్యాసు పొయ్యి కింద ఉన్న రంధ్రాలు కూడా మూసెయ్యవచ్చా? అక్కడి నుంచే చీమలు వస్తున్నాయి.

మూయకూడదు. ఈ ఒక్క విషయంలో దయచేసి రాజీ పడవద్దు. వంటగ్యాసు గాలి కంటే బరువైనది. లీకైతే నేల మీద పేరుకుంటుంది. సిలిండరు అరలో కింద వదిలిన రంధ్రాలు ఆ గ్యాసు బయటికి పోవడానికే. పొయ్యి వాడే గదికి పైన ఉన్న గాలి మార్గం కూడా అంతే ముఖ్యం. పురుగుల భయంతో దాన్ని మూసేసి పొయ్యి వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి వాసన ఉండదు, మనిషికి తెలియదు.

మూయడానికి బదులు లోపలి వైపు నుంచి స్టీలు జాలీ బిగించండి. దానికి దుమ్ము, నూనె జిడ్డు పట్టి గాలి ఆగిపోతుంది కాబట్టి నెలకొకసారి బ్రష్‌తో దులపాలి. గ్యాసుతో నడిచే నీళ్ల హీటరు ఉంటే దాని పొగగొట్టానికి సొంతంగా జాలీ కట్టవద్దు. ఆ హీటరుకు తయారీదారు ఇచ్చే జాలీ ఉంటే అదే వాడాలి.

ఇంకొకటి. మట్టిగూళ్లు కట్టే కందిరీగలకు ఇలాంటి సన్నని గొట్టాలంటే ఇష్టం. నెల రోజులు బండి నిలిపి ఉంచితే చాలు, బర్నరు గొట్టంలో మట్టి నింపేస్తాయి. మంట నీలంగా కాకుండా పసుపుగా, ఎగిసెగిసి వస్తుంటే వెంటనే ఆపి గొట్టం చూడండి.

దోమల జాలీ ఎంత సన్నగా ఉండాలి?

దోమల కోసమైతే చదరపు అంగుళానికి 156 కన్నులు ఉన్న తెర చాలు. ఒక్కో కన్ను సుమారు 1.2 మిల్లీమీటర్లు ఉంటుంది. చెరువుల పక్కన, సముద్రపు ఒడ్డున కుట్టే నలుసుల్లాంటి ఈగలకు అది చాలదు, కన్ను 0.6 మిల్లీమీటర్లకు తగ్గాలి. అంత సన్న తెరలో గాలి ఆడదు, మే నెలలో గోకర్ణలో కట్టుకుంటే ఉక్కపోత తప్పదు. మేము రెండు రకాలూ కుట్టించుకుని వెల్క్రోతో మార్చుకుంటున్నాం. పక్క తలుపుకు మధ్యలో అయస్కాంతాలతో అతుక్కునే తెర మంచిది. చేతిలో గిన్నె ఉన్నా దూరి వెళ్లవచ్చు, వెనకాలే అది మూసుకుంటుంది. దాని కింది అంచు నేలను ఆనుతున్నదో లేదో చూసుకోండి. మా తెర రెండు వేళ్లు పొట్టి కావడంతో ఏడాది పాటు దోమలు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలియక తల పట్టుకున్నాం.

చిన్న చిన్న గోధుమ రంగు పురుగులు పాకుతున్నాయి. బయట ఎక్కడా కనిపించవు. ఏమిటివి?

ఒకసారి బియ్యం డబ్బా, రవ్వ పొట్లం, కారం సీసా తెరిచి చూడండి. "బండిలోకి పురుగులు దూరాయి" అని నన్ను అడిగిన వాళ్లలో చాలామందికి అవి వంటింటి నుంచి తాము మోసుకొచ్చినవే. ముక్కు ముందుకు పొడుచుకు వచ్చినవి బియ్యం పురుగులు. చదునుగా, ఎర్రగా, పొడుగ్గా ఉన్నవి పిండి పురుగులు. పప్పుల గింజలకు గుండ్రని రంధ్రం చేసి బయటికి వచ్చేవి పుచ్చు పురుగులు. కారం, పసుపు, ధనియాల్లో పుట్టే గూని పురుగు ఇంకొకటి ఉంది, అది కాగితం పొట్లాలను కొరికి బయటపడుతుంది.

బియ్యం పురుగు గింజ లోపల గుడ్డు పెడుతుంది. అందుకే జల్లెడ పట్టి బాగుందనుకున్న బియ్యంలోంచి కూడా నెల తరువాత పురుగు వస్తుంది. ప్రయాణానికి కావలసినంత బియ్యం, పప్పు, రవ్వ ఇంటి ఫ్రీజరులో మైనస్ 18 డిగ్రీల దగ్గర నాలుగు రోజులు ఉంచి, గది వేడికి వచ్చాక, చెమ్మ లేదని చూసుకుని, రబ్బరు వాషరు ఉన్న డబ్బాల్లో పోయండి. కొట్టు పొట్లాలను, ముఖ్యంగా అట్టపెట్టెలను బండిలోకి తేవద్దు. అట్ట మడతల్లో బొద్దింక గుడ్లు వస్తాయి.

మా అమ్మ బియ్యంలో ఎండు వేపాకు వేసేది. నేనూ వేస్తాను. ఆకు పూర్తిగా ఎండి ఉండాలి, పచ్చిగా ఉంటే డబ్బాలో బూజు పడుతుంది.

## ఆపే చోటు ఎంచుకునేటప్పుడు

నీడ కోసం చెట్టు కింద ఆపుతాం. ఏ చెట్టు మంచిది?

ఏది మంచిదో చెప్పడం కష్టం, ఏది వద్దో చెప్పగలను. పూత మీద ఉన్న మామిడి వద్దు. తేనెమంచు పురుగులు విడిచే జిగురు బండి మీద కురుస్తుంది, ఆ తీపికి చీమలు బారులు కడతాయి. ఆకులను కుట్టి గూడు కట్టే ఎర్ర చీమలు కూడా మామిడి మీదే ఎక్కువ. కొమ్మ పైకప్పుకు తగిలితే అవి నేరుగా ఫ్యాను దగ్గరికి దిగుతాయి.

వాన పడే సూచన ఉన్న మే, జూన్ సాయంత్రాల్లో వేపచెట్టు కింద కూడా వద్దు. అనంతపురం, చిత్తూరు వైపు వేరుశనగ పండించిన వాళ్లకు వేరుపురుగు సంగతి తెలిసే ఉంటుంది. నేలలో వేళ్లు తినే ఆ తెల్ల పురుగే పెరిగి గోధుమ రంగు పెంకు పురుగు అవుతుంది. మొదటి మంచి వాన పడిన సాయంత్రం అవి గుంపులుగా నేలలోంచి లేచి వేప, తుమ్మ ఆకుల మీద వాలతాయి. మీ బండిలో దీపం వెలుగుతూ ఉంటే వడగళ్లు పడినట్టు అద్దాలకు కొట్టుకుంటాయి. కుట్టవు, కరవవు. తెల్లవారేసరికి మళ్లీ మట్టిలోకి వెళ్లిపోతాయి.

కేరళలో రబ్బరు తోట పక్కన ఆపుకోమన్నారు. అక్కడ పురుగుల బెడద నిజంగా అంత ఉంటుందా?

ఏప్రిల్, మే నెలల్లో అయితే ఉంటుంది. అక్కడి వాళ్లు ముప్లి వండు అంటారు. త్రిశూర్ జిల్లాలోని ముప్లియం అనే ఊరి పేరు మీద వచ్చిందది. నల్లని చిన్న పెంకు పురుగు. రాలిన రబ్బరు ఆకులను తిని పెరుగుతుంది. వేసవి జల్లులు పడగానే లక్షల్లో లేచి, వెలుతురు ఉన్న ఇళ్లలోకి దూరి, పైకప్పు సందుల్లో గుంపులుగా చేరి నెలల తరబడి కదలకుండా ఉండిపోతుంది. కరవదు. కానీ నలిపితే ఘాటైన వాసనతో ఒక ద్రవం విడుస్తుంది. అది చర్మం మీద పడితే మండి బొబ్బ లేస్తుంది.

మేము ఒక ఏప్రిల్ రాత్రి తెలియక అలాంటి తోట అంచున ఆగాం. వాన వెలిసింది, గాలి కోసం పైకప్పు ఫ్యాను తెరిచి, లోపల తెల్లని ట్యూబులైటు వేసుకుని భోజనానికి కూర్చున్నాం. పావుగంటలో కంచాల్లో, పడక మీద, పిల్లవాడి జుట్టులో పురుగులే. భయంతో చీపురుతో కొట్టి నలిపాం. అది మేము చేసిన పెద్ద తప్పు, ఆ వాసన వారం రోజులు పోలేదు. నెల తరువాత పైకప్పు లైనింగ్ తీయిస్తే లోపల ఒక పొరలా పేరుకుని ఉన్నాయి, అన్నీ బతికే ఉన్నాయి.

ఆ కాలంలో రబ్బరు తోటలకు దూరంగా ఆగండి. తప్పనిసరైతే చీకటి పడకముందే వంట ముగించి, ఫ్యాను మూసి, దీపం లేకుండా పడుకోండి. దూరిన వాటిని వాక్యూమ్ క్లీనరుతో లాగి, సంచిని సబ్బు నీళ్లలో ముంచి పారేయండి.

మా బండి వైట్‌ఫీల్డ్ వైపు ఖాళీ స్థలంలో నిలుపుతాం. వానాకాలంలో చారల పురుగులు కుప్పలుగా వస్తున్నాయి. మందు కొట్టాలా?

రెక్కల మీద లేత పసుపు రంగు, ముదురు చారలు, సుమారు ఆరు మిల్లీమీటర్ల పొడవు ఉంటే కొట్టవద్దు. అది మెక్సికో నుంచి వయ్యారిభామ కలుపును తినిపించడానికి తెచ్చిన పెంకు పురుగు. దాన్ని 1984లో మొదట బెంగళూరులోనే వదిలారు. ఖాళీ స్థలం నిండా వయ్యారిభామ ఉంటే జూన్ తరువాత ఆ పురుగు ఉండి తీరుతుంది. ఆకులన్నీ తినేశాక వేరే మొక్క వెతుక్కుంటూ బండి మీదికి కూడా ఎక్కుతుంది. మనుషులకు ఏ హానీ చేయదు. ఎండాకాలంలో మట్టిలోకి దిగి నిద్రపోతుంది.

నిజానికి ఆ పురుగు మనకు మేలు చేస్తున్నది. వయ్యారిభామ పుప్పొడితో ఉబ్బసం తెచ్చుకున్న వాళ్లు ఈ నగరంలో ఎందరో ఉన్నారు. బండి చుట్టూ రెండు మీటర్ల మేర కలుపును పూత రాకముందే పీకేయించండి, పురుగు దానంతట అదే దూరం జరుగుతుంది. పీకేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి, ఆ మొక్క తగిలితే కొందరికి దద్దుర్లు వస్తాయి.

శివమొగ్గ, చిక్కమగళూరు అడవుల పక్కన ఆగుతున్నాం. పిడుదుల గురించి భయపడాలా?

జాగ్రత్త పడాలి. 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో మొదట గుర్తించిన జ్వరం పిడుదుల ద్వారానే వస్తుంది. కోతులు ఎక్కువగా చనిపోతాయి కాబట్టి అక్కడి వాళ్లు దాన్ని కోతుల జబ్బు అంటారు. డిసెంబరు నుంచి మే వరకు కేసులు ఎక్కువ. కోతి చనిపోయి కనిపించిన చోట ఆగవద్దు, ఊరివాళ్లకు చెప్పండి. ఎండుటాకుల మీద చాప వేసి కూర్చోవద్దు. అడవిలోంచి వచ్చిన బట్టలు బండి బయటే విప్పి సంచిలో కట్టేయండి. మోకాళ్ల వెనుక, చంకల్లో, చెవుల వెనుక, కుక్క వెంట ఉంటే దాని కాలివేళ్ల మధ్య చూడండి. పట్టుకున్న పిడుదును సన్నని పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి నిటారుగా లాగాలి. కిరోసిన్ పోయడం, నిప్పు చూపడం వద్దు. రెండు వారాల్లోపు జ్వరం వస్తే ఆ అడవి పేరు వైద్యుడికి తప్పక చెప్పండి.

## చీకటి పడ్డాక

బండిలో ఏ రంగు దీపం వేస్తే పురుగులు తక్కువగా వస్తాయి?

పసుపు. పురుగుల కళ్లకు అతినీలలోహిత, నీలి కాంతులు బాగా కనిపిస్తాయి. తెల్లని ఎల్ఈడీలో నీలం పాలు ఎక్కువ. 2700 కెల్విన్ లేదా అంతకంటే తక్కువ అని రాసి ఉన్నవి కొనండి, కాషాయం వైపు మొగ్గే బల్బు దొరికితే ఇంకా మంచిది. ఎస్.పి. రోడ్డులో పన్నెండు వోల్టుల పసుపు ఎల్ఈడీ పట్టీలు దొరుకుతాయి.

పురుగు దీపాన్ని ప్రేమించి వస్తుందని మనం చిన్నప్పటి నుంచి విన్నాం. 2024లో ప్రచురితమైన ఒక పరిశోధనలో వేగంగా తీసే కెమెరాలతో చూస్తే వేరే సంగతి బయటపడింది. ఎగిరే పురుగు తన వీపును ఎప్పుడూ వెలుతురు వైపు ఉంచుకుంటుంది, ఎందుకంటే రాత్రి ఆకాశమే నేల కంటే వెలుతురుగా ఉంటుంది. దగ్గరలో దీపం ఉంటే దాన్నే ఆకాశం అనుకుని వీపు తిప్పుతూ, దాని చుట్టూ తిరుగుతూ చిక్కుకుపోతుంది. అది తెలిసిన తరువాత నాకు వాటి మీద కోపం పోయింది.

తలుపు తెరిచే ముందు లోపలి దీపం ఆర్పడం అలవాటు చేసుకోండి. బయట దీపం కావాలంటే తలుపు దగ్గర కాకుండా ఇరవై అడుగుల దూరంలో పెట్టండి. ఇంకో లాభం కూడా ఉంది. మే చివర, జూన్ మొదట్లో పడమటి కనుమల్లో ఉంటే, దీపాలన్నీ ఆర్పి పది నిమిషాలు కూర్చోండి. చెట్ల నిండా మిణుగురులు వెలుగుతుంటే చూడగలుగుతారు.

వాన వెలిసిన రాత్రి ఉసిళ్లు ముసురుకున్నాయి. బండికి చెద పట్టేస్తుందా?

పట్టదు. ఉసిళ్లు, కొన్ని ఊళ్లలో ఈసుళ్లు, రెక్కలొచ్చిన చెదలే. కానీ అవి కొత్త పుట్ట పెట్టాలంటే తడి మట్టి కావాలి, బండిలో రాలినవి తెల్లవారేసరికి ఎండి చనిపోతాయి. దీపాలన్నీ ఆర్పేసి ఒక గంట ఓపిక పడితే వాటి ముసురు ముగుస్తుంది. వెలుతురు తప్పనిసరైతే మా నాయనమ్మ చేసినట్టు దూరంగా ఒక పళ్లెంలో నీళ్లు పోసి పక్కన లాంతరు పెట్టండి. రాలిన రెక్కలను పొద్దున్నే ఊడ్చేయాలి, లేకపోతే వాటి కోసం చీమలు వస్తాయి.

దోమల కాయిల్ వెలిగించి తలుపులు వేసుకుంటే సరిపోదా?

అలా మాత్రం చేయవద్దు. ఒక్క కాయిల్ కాలితే వచ్చే సన్నని పొగ నలుసులు 75 నుంచి 137 సిగరెట్ల పొగతో సమానమని 2003లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. బండి లోపల మన పడక నుంచి పైకప్పు వరకు మూడు అడుగులు కూడా ఉండదు. పైగా పరుపుకు నిప్పంటుకునే ప్రమాదం. కాయిల్ బయట, గాలి వచ్చే వైపున పెట్టుకోండి. లోపల తెర, చిన్న ఫ్యాను చాలు. ఫ్యాను గాలికి దోమ నిలవలేదు.

రాత్రి మెడ మీద ఏదో పాకితే నలిపేశాను. రెండో రోజుకు గీతలా బొబ్బ లేచింది. సాలీడు కుట్టిందా?

గీతలా ఉంటే సాలీడు కాదు. నైరోబీ ఈగ అని పిలిచే పురుగు అయి ఉంటుంది, నిజానికి అది ఈగ కాదు, పెంకు పురుగుల కుటుంబానిదే. చీమలా సన్నగా, నలుపు, నారింజ పట్టీలతో సెంటీమీటరు లోపే ఉంటుంది. వరిపొలాల తడి మట్టిలో పెరిగి, వానలు పడ్డాక దీపాలకు వస్తుంది. కుట్టదు, కరవదు. నలిపినప్పుడు దాని ఒంటిలోని విషం చర్మానికి అంటుకుని, ఒకటి రెండు రోజుల్లో మంటతో బొబ్బలు లేస్తాయి. మోచేయి మడతలో అయితే రెండు వైపులా అచ్చు పడుతుంది.

ఒంటి మీద కనిపిస్తే ఊదేయండి, లేదా కాగితం ఆనిస్తే దాని మీదికి ఎక్కుతుంది. నలిగిపోతే వెంటనే సబ్బుతో కడిగి, ఆ చేతితో కళ్లు రుద్దుకోకుండా ఉండండి. కంటికి తగిలినా, బొబ్బలు పెద్దవైనా వైద్యుడికి చూపించాలి.

## లోపలికి వచ్చేశాక

చీమల బారు ఎంత తుడిచినా మళ్లీ వస్తోంది. ఏమి చేయాలి?

బారును వెనక్కి పట్టుకుని వెళ్లండి. టైరు, జాకీ, కరెంటు తీగ, నీళ్ల గొట్టం, ఈ నాలుగింటిలో ఏదో ఒకటి వాటి నిచ్చెన. తీగ నేలను వదిలి పైకి లేచే చోట ఒక జానెడు మేర వాజిలిన్ రాస్తే చాలావరకు ఆగుతాయి. లోపలి దారిని సబ్బు నీళ్లతో తుడవాలి, పొడిగుడ్డతో తుడిస్తే వాటి వాసన గుర్తు పోదు.

గూడు బండిలోనే ఉంటే ఎర పెట్టాలి. వంద మిల్లీలీటర్ల నీటిలో రెండు చెంచాల పంచదార, ఒక గ్రాము బోరిక్ పౌడరు కరిగించి దూదిని ముంచి మూత మీద పెట్టండి. ఎక్కువ వేస్తే దారిలోనే చనిపోతాయి, గూటికి చేరదు. నాలుగైదు రోజులు పడుతుంది. ఆ రోజుల్లో వాటిని తుడవవద్దు, స్ప్రే కొట్టవద్దు. పిల్లలకు, కుక్కకు అందకుండా చూసుకోండి. చీమల సుద్ద గీయడం నేను మానేశాను. పసిపిల్లలు దాన్ని పలక సుద్ద అనుకుంటారు.

బొద్దింకలకు జెల్ పెట్టి, పైన స్ప్రే కూడా కొట్టాం. అయినా తగ్గలేదు. ఎందుకు?

స్ప్రే వాసనకు అవి జెల్ దగ్గరికే రాలేదు. రెండింట్లో ఒకటే ఎంచుకోండి. బండిలాంటి ఇరుకు చోట జెల్ మేలు. కందిగింజంత చుక్కలు సింకు కింద, ఫ్రిజ్ మోటారు వెనుక, సొరుగుల కీళ్ల దగ్గర పెట్టండి. బొద్దింక అది తిని గూటికి వెళ్లి చనిపోతే మిగతావి దాన్ని తిని చనిపోతాయి. చిన్న గోధుమ రంగు బొద్దింక ఒక్క సంచిలో ముప్పై నలభై గుడ్లు మోస్తుంది కాబట్టి మూడు వారాలకు మళ్లీ ఒకసారి చుక్కలు పెట్టాలి.

పొగ వదిలే డబ్బా ఒకటి తెరిచి బండి మూసేస్తే అన్నీ ఒక్కసారిగా చస్తాయట. చేయవచ్చా?

వద్దు. ఆ డబ్బాల్లో మందును తోసే వాయువు మండే స్వభావం గలది. పొయ్యి మంటో, ఒక విద్యుత్ మెరుపో చాలు. సందుల్లోకి ఆ మందు చేరదు కూడా, పరుపు మీద, గిన్నెల మీద పడుతుంది. పిల్లి ఉన్నవాళ్లు పైరిథ్రాయిడ్ రకం స్ప్రేలను బండిలో అసలు వాడవద్దు. పిల్లుల శరీరం ఆ మందును విరిచేయలేదు.

కలరా ఉండలు సొరుగుల్లో వేస్తే?

ఇంట్లో బీరువాలో వేసినట్టు బండిలో వేయకూడదు. ఆ ఆవిరి మూసిన చోట పేరుకుంటుంది, మనం దాన్నే రాత్రంతా పీలుస్తాం. కొందరు పసిపిల్లలకు పుట్టుకతో ఒక ఎంజైము లోపం ఉంటుంది, వాళ్లకు నాఫ్తలీన్ వల్ల ఎర్ర రక్తకణాలు విరిగి ప్రాణం మీదికి వస్తుంది.

పాత బండి కొన్నాం. పరుపుల్లో నల్లులు ఉన్నాయి. ఎండలో నిలిపితే పోతాయా?

బెంగళూరు ఎండను నమ్ముకోవద్దు. నల్లి, దాని గుడ్లు చావాలంటే 50 డిగ్రీలకు పైబడిన వేడి గంటన్నర సేపు ప్రతి మడతకూ తగలాలి. మూసిన బండిలో గాలి అంత వేడెక్కినా పరుపు లోపల, చెక్క సందుల్లో వేడెక్కదు. గుడ్డలు మరిగే నీళ్లలో ఉతికి, కుట్లమీద ఆవిరి యంత్రంతో నెమ్మదిగా పట్టించండి. నా సలహా అడిగితే పాత నురుగు పరుపులు పారేసి కొత్తవి కుట్టించండి, ఆ ఖర్చు మీకు నిద్ర రూపంలో తిరిగి వస్తుంది.

## ఇంటికి వచ్చి బండి నిలిపాక

రెండు మూడు నెలలు బండి తీయం. ఏమి చేసి వదలాలి?

తిండి ఒక్క గింజ కూడా మిగల్చవద్దు. మురికినీటి ట్యాంకు ఖాళీ చేసి, గొట్టం చివర జాలీ కట్టండి. బకెట్లు బోర్లించండి. స్టెప్నీ తొడుగులో, పైకప్పు ఏసీ పళ్లెంలో నీళ్లు నిలిచాయేమో వారానికి ఒకసారి చూడండి. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కల దాకా రావడానికి వారం పది రోజులు చాలు.

జాకీల కింద చెక్క దిమ్మెలు పెట్టవద్దు. నేల చెదలు ఆ చెక్కలోంచే మట్టి గొట్టాలు కట్టుకుంటూ పైకి ఎక్కుతాయి. సిమెంటు దిమ్మెలు పెట్టండి.

దీపాల బుడ్డీలు విప్పి అందులో రాలిన పురుగులను దులిపేయండి. చనిపోయిన పురుగులను, ఉన్ని దుప్పట్లను తిని బతికే చిన్న పెంకు పురుగులు ఉన్నాయి, వాటి మొదటి భోజనం అక్కడే. దుప్పట్లు ఇంటికి తెచ్చేయండి.

ప్లైవుడ్ అరల కింద మెత్తని పొడి రాలుతోంది. చెదలేనా?

పొడి ముఖానికి రాసుకునే పౌడరులా మెత్తగా ఉండి, చెక్కకు గుండుసూది తలంత రంధ్రాలు కనిపిస్తే చెదలు కాదు, చెక్క తొలిచే పెంకు పురుగులు. చెద అయితే మట్టి గీతలు కనిపిస్తాయి. ఒకటి రెండు పలకలకే ఉంటే వాటిని తీసి బయట కాల్చేయండి, మిగతావాటి కోసిన అంచులకు చెక్క మందు పూసి వార్నిష్ వేయండి. వార్నిష్ వేసిన అంచులో ఆ పురుగు గుడ్డు పెట్టలేదు. కొత్తగా చేయించేటప్పుడు ఐఎస్ 710 (మెరైన్ ప్లైవుడ్‌కు ఉన్న భారత ప్రమాణం) గుర్తు ఉన్న ప్లైవుడ్ అడగండి.

ముందు అద్దం మీద అతుక్కున్న పురుగుల మరకలు పోవడం లేదు. నీళ్లు కొట్టి కడగవచ్చా?

2024 మార్చిలో నీటి కొరత వచ్చినప్పుడు తాగునీటితో వాహనాలు కడగవద్దని బెంగళూరు నీటి బోర్డు ఆంక్ష పెట్టి, 5,000 రూపాయల జరిమానా అని ప్రకటించింది. ఆంక్ష ఉన్నా లేకపోయినా ఈ పనికి అరబకెట్టు చాలు. పాత తువ్వాలును షాంపూ కలిపిన నీటిలో ముంచి, పిండకుండా అద్దం మీద, బంపరు మీద పరిచి పావుగంట వదిలేయండి. మరక నాని గోరు తగలకుండానే వస్తుంది. ఇల్లు చేరిన రోజే చేయాలి, వారం ఆగితే ఎండకు రంగులోకి దిగిపోతుంది. రేడియేటరు జాలీని కూడా అప్పుడే మెత్తని బ్రష్‌తో దులపండి. అది పురుగులతో పూడుకుపోతే నంది కొండల ఘాటు ఎక్కేటప్పుడు ఇంజను వేడెక్కుతుంది.